ఉయ్యాల ఖర్చు ఎవరి ఖాతాలో?

నెలకు ఇరవై రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబం తన బిడ్డను జాతీయ క్రెష్ పథకం కింద నడిచిన కేంద్రంలో వదిలితే కట్టాల్సి వచ్చిన రుసుము అది. తల్లిదండ్రులిద్దరి సంపాదన కలిపి నెలకు 12 వేల లోపుంటే వంద, ఆపైన ఉంటే రెండొందలు. ఇరవై రూపాయలంటే ఇవాళ అడ్డా దగ్గర రెండు టీలు. ఇంత చవగ్గా దొరుకుతుంటే ఊరూరా క్రెష్‌ల ముందు తల్లులు బారులు తీరాలి. తీరలేదు సరికదా, ఆ కేంద్రాలే చిక్కిపోయాయి. 2015 ప్రాంతంలో దేశమంతా కలిపి 23 వేలకు పైగా ఉన్నవి, 2020 నాటికి ఆరున్నర వేల దగ్గరకు వచ్చి ఆగాయి.

ధర తగ్గిస్తే పేదలకు అందుతుందనుకోవడం మన పథకాలకు పాత అలవాటు. బియ్యానికి అది పనిచేస్తుంది. రేషన్ షాపు ఇవాళ మూసి ఉంటే రేపు తెచ్చుకోవచ్చు. పసిబిడ్డను చూసుకోవడం అలాంటి సరుకు కాదు. తల్లి పనికి బయల్దేరే నిమిషానికి దొరకాలి, తిరిగొచ్చే నిమిషం దాకా ఉండాలి. మధ్యలో గంట తక్కువైనా ఆ రోజు కూలి పోయినట్టే. అప్పుడు రుసుము ఇరవై అయితేనేం, అసలే లేకపోతేనేం?

తొమ్మిదికి తెరిచే తలుపు

హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ కూలీల అడ్డాలు తెల్లవారీ తెల్లవారకముందే మొదలవుతాయి. పొద్దెక్కేసరికి మేస్త్రీలు కావలసిన వాళ్లను ఏరుకుని వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు డబ్బా సర్దుకుని ఇంటిదారి పట్టాల్సిందే. ఇళ్లల్లో పనిచేసే ఆమెకు మొదటి ఇంటి గిన్నెలు ఏడు గంటలకు ఎదురుచూస్తుంటాయి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్ల బస్సులు, అచ్యుతాపురం వైపు వెళ్లే బట్టల ఫ్యాక్టరీల బస్సులు ఊళ్లలోకి వచ్చేది ఇంకా ముందు. పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ల పొద్దు కూడా అలాంటిదే.

అంగన్‌వాడీ తలుపు తెరిచేది తొమ్మిదికి, మూసేది నాలుగుకి. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు బిడ్డ ఎవరి దగ్గరుండాలి? నడి ఏట్లో మాత్రమే కట్టిన వంతెన లాంటిది ఈ ఏర్పాటు. పనికి వెళ్లే తల్లికి అది ఉన్నా లేనట్టే. ఆమె ఎలాగూ పక్కింటామెనో, ముసలమ్మనో బతిమాలుకోవాలి. బతిమాలుకున్నాక రోజంతా అక్కడే ఉంచేస్తుంది, మధ్యలో అంగన్‌వాడీకి తిప్పే ఓపిక ఎవరికుంటుంది?

నిజానికి అంగన్‌వాడీని తప్పుపట్టి లాభం లేదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు దాని పని తిండి, టీకాలు, తూకం, కాస్త ఆటపాట. పనిచేసే తల్లికి తోడుగా ఉండటం దాని రాతలో లేదు. రోజంతా అక్కడ గడిపేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలే. మూడేళ్ల లోపు బిడ్డకు నెలకోసారి ఇంటికి తీసుకెళ్లే సరుకు ఇస్తారు, అంతే. తల్లికి పనిలోకి వెళ్లడం అన్నిటికన్నా కష్టమయ్యేది ఆ మూడేళ్లలోనే.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. మూడేళ్లు నిండగానే బస్తీల్లో చాలామంది పిల్లలు అంగన్‌వాడీ మానేసి ప్రైవేటు నర్సరీలో చేరతారు. ఇంగ్లిష్ మోజు అని మనం నవ్వుకుంటాం. ఆ మోజు ఉంది, కాదనను. కానీ ఆ తల్లి లెక్క వేరే కూడా ఉంటుంది. వ్యాను ఇంటి దగ్గరికి వస్తుంది, ఎక్కించుకుని తీసుకెళ్తుంది, సాయంత్రం దింపుతుంది. ఏబీసీడీల పేరున ఆమె కడుతున్న డబ్బులో సగం పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉన్నందుకే.

పొట్లం వస్తుంది, తినిపించే చెయ్యి రాదు

తెలంగాణలో ఏడు నెలలు దాటిన బిడ్డకు బాలామృతం పొట్లం ఇస్తారు, నెలకు రెండున్నర కిలోలు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పొడి. మంచి సరుకే. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ వయసు పిల్లలకు ఇంటికి సరుకులు వెళ్తాయి. అయినా 2019–21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. అంతకుముందు సర్వేలో అది 28. తగ్గాల్సింది పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం దగ్గరే కదలకుండా ఉంది.

దీనికి నీళ్లు, మరుగుదొడ్లు, తల్లి రక్తహీనత, చిన్న వయసు పెళ్లి, ఇలా చాలా కారణాలున్నాయి. అయితే ఏడాది బిడ్డకు అన్నం పెట్టిన వాళ్లెవరికైనా తెలిసిన ఒక కారణం మాత్రం నివేదికల్లో సన్నగా కనబడుతుంది. ఆ వయసు కడుపు చిన్నది. రోజుకు అయిదారు సార్లు, కొంచెం కొంచెంగా, మెత్తగా పిసికి, కబుర్లు చెబుతూ పెట్టాలి. రెండు ముద్దలు తిని మూడోది ఉమ్మేస్తే కాసేపాగి మళ్లీ మొదలుపెట్టాలి. పొద్దున ఆరింటికి ఇంత కలిపి గిన్నెలో మూతపెట్టి వెళ్లిన తల్లి సాయంత్రం వచ్చి చూసేసరికి దాని మీద ఈగలు. పొడిని ప్రభుత్వం పంపగలిగింది. కలిపి నోటికందించే చేతిని పంపలేదు. పోషకాహారం మీద ఏటా ఖర్చుపెడుతున్న కోట్లకు ఫలితం రాకపోవడంలో ఈ చెయ్యి లేకపోవడం వాటా ఎంతో ఎవరైనా లెక్కగడితే బాగుంటుంది.

మిరప చేలో

సంక్రాంతికి అటూ ఇటూ కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మూటలు కట్టుకుని గుంటూరు, పల్నాడు మిరప చేలకు వెళ్తాయి. ఉగాదికి గానీ తిరుగుముఖం పట్టవు. వానాధారపు పొలంలో పంట చేతికి రాని ఏడాది ఈ వలస ఇంకా ముందే మొదలవుతుంది. ఇంటికి తాళం వేసి వెళ్తారు గనక పిల్లల్ని వదలడానికి మనుషులుండరు. చంకబిడ్డ కూడా బండెక్కాల్సిందే.

మిరపకోతలో కూలి చాలాచోట్ల కిలోల మీద కడతారు. ఎంత కోస్తే అంత. ఇది తెలిస్తే తప్ప అక్కడి తల్లి పరిస్థితి అర్థం కాదు. రోజు కూలి అయితే బిడ్డకు పాలివ్వడానికి పావుగంట గట్టు మీద కూర్చున్నా మేస్త్రీ నాలుగు మాటలంటాడు, కూలి మాత్రం తెగదు. కిలోల లెక్కలో ప్రతి పావుగంటా డబ్బే. పైగా కాయ కోసిన చేతులు. ఘాటు వేళ్ల సందుల్లోకి, గోళ్లలోకి ఎక్కి సాయంత్రానికి అరచేతులు మండుతుంటాయి. సబ్బుతో కడిగితే పోదు, నూనో మజ్జిగో రాసి రుద్దుకుంటారు. ఆ చేత్తో బిడ్డ ముక్కు తుడవకూడదు, కళ్ల దగ్గరికి అసలు పోనివ్వకూడదు. పాలిచ్చేముందు కొంగుతో ఒళ్లు తుడుచుకుంటే ఆ కొంగుకూ ఘాటే. బిడ్డ గట్టున వేపచెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో ఉంటాడు. చెట్టు లేకపోతే ట్రాక్టరు ట్రక్కు కింద నీడలో.

ఉయ్యాల ఊపడానికి ఒక మనిషి కావాలి గదా. ఆ మనిషికి ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంటాయి. తమ్ముణ్ణి చూసుకోవడానికి బడి మానుకుని వచ్చిన అక్క. వలస పిల్లల చదువు పోకూడదని సొంతూళ్లలో సీజనల్ హాస్టళ్లు పెడుతుంటారు. మంచి ఆలోచన. కానీ ఆ పిల్లను హాస్టల్లో వదిలి వెళ్తే చేలో చంటివాణ్ణి ఎవరు చూస్తారన్న ప్రశ్నకు హాస్టల్ దగ్గర జవాబు లేదు. చంటిబిడ్డకు చోటు చూపించకుండా ఆడపిల్లను బడికి రప్పించలేం. ఈ రెండింటినీ రెండు వేర్వేరు శాఖలు చూస్తుంటాయి, ఎవరి ఫైలు వారిది.

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ అనే వైద్యుల సంస్థ ఈ ముడిని సరిగ్గా పట్టుకుంది. అడవి పల్లెల్లో బక్కచిక్కిన పసిపిల్లలకు మందులు రాసి లాభం లేదని గ్రహించి, ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లల కోసం ఊళ్లోనే ఫుల్వారీలు తెరిచారు. ఒక ఇల్లు, ఆ ఊరి ఆడమనిషి, పది మంది పిల్లలు. సత్తుపిండి, కిచిడీ, గుడ్డు. పిల్లలు ఒళ్లు చేశారు, అది అనుకున్నదే. అనుకోకుండా జరిగింది ఇంకోటుంది. చంటిపిల్లల బాధ్యత దిగిపోవడంతో అక్కలు బడికి వెళ్లారు. తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వం కూడా సర్గుజా ప్రాంతంలో అదే పేరుతో కేంద్రాలు పెట్టింది.

అమ్మమ్మ వీసా

ఇంతకీ ఇన్నాళ్లుగా ఈ దేశంలో పిల్లల పెంపకానికి రాయితీ ఇస్తున్నదెవరు? అమ్మమ్మ, నానమ్మ, బడి మానేసిన అక్క, పని మానేసిన అమ్మ. ప్రభుత్వ పద్దులో కనిపించని రాయితీ ఇది. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీలో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు జీతం లేని పనిలో ఉంటారు, మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లల్ని, ముసలివాళ్లను చూసుకోవడానికి వెచ్చించేది ఆడవాళ్లు 137, మగవాళ్లు 75. 

ఈ విషయంలో మన దగ్గర వర్గభేదం కూడా అంతగా లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూతురికి పురుడు వస్తే ఆరు నెలలు అమ్మానాన్నలు వెళ్తారు, వాళ్లు తిరిగొచ్చే విమానం దిగేసరికి వియ్యాలవారు ఎక్కే విమానం సిద్ధంగా ఉంటుంది. మనవల మీద ప్రేమ ఉంటుంది, అందులో అనుమానం లేదు. అక్కడ డే కేర్ ఫీజు ఇంటద్దెతో పోటీపడుతుందన్నదీ నిజమే. సాఫ్ట్‌వేర్ జీతాలున్నవాళ్లే విమాన టికెట్ కొని అమ్మమ్మను తెప్పించుకుంటుంటే, పాలమూరు నుంచి వచ్చి నానక్‌రామ్‌గూడలో రేకుల షెడ్డులో ఉండే జంట ఏం చేయాలి? వాళ్ల అమ్మమ్మ ఊళ్లో ఇంకా కూలికి వెళ్తూనే ఉంటుంది.

చట్టంలో ఉయ్యాల

చట్టాలు లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ముప్ఫై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట శిశుగృహం ఉండాలంది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం యాభై మందికి మించి మహిళా కార్మికులున్న చోట గది ఏర్పాటు చేయాలంది. 2005 ఉపాధి హామీ చట్టంలో ఇంకా ముచ్చటైన ఏర్పాటు ఉండేది. పని దగ్గరికి అయిదుగురు, అంతకు మించి పసిపిల్లలు వస్తే, కూలీల్లోనే ఒకామెను వాళ్లను చూసుకోవడానికి పెట్టి, ఆమెకూ అందరితో సమానంగా కూలి ఇవ్వాలి. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి యాభై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలకు క్రెష్ తప్పనిసరి చేశారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు.

ఈ అంకెలు చూస్తే చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్న తల్లి ఎవరో తెలుస్తుంది. పెద్ద గేటు, హాజరు పట్టీ ఉన్న చోట పనిచేసే ఆమె. మన ఆడవాళ్లలో అత్యధికులు అలాంటి చోట లేరు. కట్టడం దగ్గర యాభై ఒక్కమంది ఆడవాళ్లు ఒకే యజమాని పేరు మీద ఎప్పుడు కనబడతారు? సెంట్రింగ్ ఒకరి గుత్త, తాపీ ఒకరిది, టైల్స్ ఇంకొకరిది. ఒక్కొక్కరి కింద పదిమంది. చట్టాన్ని ఉల్లంఘించాల్సిన పనే ఉండదు. బీడీలు చుట్టే ఆమెకు ఇల్లే కార్ఖానా. తునికాకు కత్తిరిస్తున్నప్పుడు పొగాకు చాట పక్కనే బిడ్డ పాకుతుంటాడు.

ఫ్యాక్టరీలో క్రెష్ నిజంగానే పెట్టినా అది వెలవెలబోయే సందర్భాలుంటాయి. యాభై కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చే అమ్మాయి ఎనిమిది నెలల బిడ్డను చంకనేసుకుని రాదు. ఆమెకు కావలసింది పనిచోట గది కాదు, ఊళ్లో గది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఇందుకు ఒక సందు దొరికింది. కొన్ని సంస్థలు కలిసి డబ్బు వేసుకుని ఉమ్మడి క్రెష్ నడపవచ్చు, లేదా ప్రభుత్వం, పురపాలక సంఘం, స్వచ్ఛంద సంస్థ నడిపేదాన్ని వాడుకోవచ్చు. పక్కపక్కనే ఉన్న ప్లాంట్ల యజమానులు కలిసి, కార్మికులు దిగే ఊళ్లలో కేంద్రాలు నడిపితే చట్టం అడ్డుచెప్పదు. చేస్తారా అన్నది వేరే సంగతి.

గుడారంలో మొదలైంది

1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం మంటపాలు కడుతున్నారు. బరువులు మోస్తున్న తల్లుల పక్కనే దుమ్ములో పడుకున్న పసిపిల్లల్ని చూసి మీరా మహదేవన్ అక్కడే ఒక గుడారం వేయించారు. మొబైల్ క్రెషెస్ సంస్థ అలా పుట్టింది. కట్టడం ఎక్కడుంటే క్రెష్ అక్కడికి వెళ్తుంది, భవనం పూర్తవగానే కూలీలతో పాటు అదీ మూట కట్టుకుంటుంది. బాపూజీ పేరుతో కడుతున్న కట్టడం దగ్గరే ఈ అవసరం కనబడటం చరిత్ర చేసిన చమత్కారం.

మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు కూడా ఈ కథలో చోటుంది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. దేశమంతా స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లిచ్చి మహిళల, పిల్లల పనులు చేయించే పద్ధతి ఆ బోర్డు వేసిన బాట. 1975లో ప్రభుత్వం పనిచేసే తల్లుల పిల్లల కోసం క్రెష్ పథకం తెచ్చినప్పుడు దాన్ని ఊళ్లకు చేర్చిన వాటిలో ఈ బోర్డూ ఉంది. 2006లో పథకం రాజీవ్ గాంధీ పేరు మీదికి మారింది. 2017 జనవరి నుంచి పేరు మళ్లీ మారి, నడిపే బాధ్యత రాష్ట్రాలకు వెళ్లింది. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతానికి దిగింది. రాష్ట్రాలు, స్వచ్ఛంద సంస్థలు మిగతాది భరించాలి. తమ వాటా పెట్టుకోలేని చిన్న సంస్థలు తలుపులు మూశాయి. మొదట్లో చెప్పిన 23 వేలు, ఆరున్నర వేలు అయింది చాలావరకు ఈ మార్పిడిలోనే. సాంఘిక సంక్షేమ బోర్డు కూడా 2022లో మూతపడింది. ఇరవై రూపాయల రుసుము మాత్రం మార్గదర్శకాల్లో భద్రంగా ఉండిపోయింది.

అదే ఏడాది మిషన్ శక్తి కింద ‘పాల్నా’ వచ్చింది. అంగన్‌వాడీలకే క్రెష్ జోడించి, దేశవ్యాప్తంగా 17 వేల కేంద్రాలు తెరవాలన్నది లక్ష్యం. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు, కేంద్రానికి పాతిక మంది, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. కర్ణాటక ఇంకో దారిలో వెళ్లింది. 2023–24 బడ్జెట్‌లో నాలుగు వేల గ్రామ పంచాయతీల్లో ‘కూసిన మనె’లు ప్రకటించి, పిల్లల్ని చూసుకునే ఆడవాళ్లకు ఉపాధి హామీ కూలి నుంచే చెల్లించే ఏర్పాటు చేసింది. 2005 చట్టంలో నిద్రపోతున్న వాక్యాన్ని లేపి పనిలో పెట్టడం నాకు నచ్చింది. మన రెండు రాష్ట్రాలకూ ఆ ఆలోచన రాకపోవడమే వింత. ఉపాధి పనుల నిర్వహణలో దేశానికి దారిచూపామని చెప్పుకున్న రాష్ట్రాలు మరి.

ఎక్కడైనా దీన్ని పూర్తిగా సాధించారా అని అడిగేవాళ్లు కెనడాలోని క్యూబెక్ వైపు చూడాలి. 1997లో అక్కడ రోజుకు అయిదు డాలర్లకే శిశు సంరక్షణ మొదలుపెట్టారు. ఇప్పుడది తొమ్మిది దాటింది. ఆర్థికవేత్త పియెర్ ఫోర్టాన్, ఆయన సహచరులు వేసిన అంచనాలో 2008 నాటికి ఆ పథకం వల్ల అదనంగా దాదాపు 70 వేల మంది తల్లులు ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్లు కట్టిన పన్నులతో ఖర్చు తిరిగొచ్చిందన్నది వాళ్ల వాదన. కానీ మనం గమనించాల్సిన ముక్క వేరే ఉంది. అందరికీ ఒకే చవక ధర అన్నప్పుడు మంచి కేంద్రాల్లో సీట్లు ముందుగా పట్టుకున్నది చదువుకున్న, దారులు తెలిసిన కుటుంబాలు. పేదపేటల్లో సీట్లే తక్కువ. రాత్రి షిఫ్టుల్లో, వేళాపాళా లేని కొలువుల్లో ఉన్న తల్లికి ఆ వేళలు కుదరలేదు. అంటే క్యూబెక్‌లోనూ చివరికి గడియారం దగ్గరికే వచ్చాం.

ఆ గడియారాన్ని తల్లుల చేతికిచ్చింది అహ్మదాబాద్‌లోని ‘సేవా’ మహిళా కార్మిక సంఘం. అక్కడ శిశు సంరక్షణ కార్యకర్తలు సంగిని పేరుతో సొంతంగా సహకార సంఘం పెట్టుకున్నారు. కేంద్రం ఎప్పుడు తెరవాలో తల్లుల పనివేళలు చూసి నిర్ణయిస్తారు. తల్లులు నెలకు కొంత కడతారు, మిగతాది ఇతర దారుల్లో సమకూర్చుకుంటారు. సేవాను స్థాపించిన ఇలా భట్ అధ్యక్షతన 1988లో వచ్చిన శ్రమశక్తి నివేదిక కూడా అసంఘటిత రంగ మహిళలకు శిశు సంరక్షణ కావాలని గట్టిగా చెప్పింది. ఆ నివేదిక వచ్చిన ఏడాది పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు.

ఆయమ్మ జీతం

ఇక అయిదో రాయితీదారు సంగతి. పాల్నా కింద అంగన్‌వాడీలో పనిచేసే క్రెష్ కార్యకర్తకు నెలకు 5,500 రూపాయలు, సహాయకురాలికి 3,000. ఇరవయ్యారు రోజులకు పంచితే కార్యకర్తకు రోజుకు 211, ఆయమ్మకు 115. ఉపాధి హామీలో 2025–26కు మన రెండు రాష్ట్రాల్లో కూలి 307. చెరువులో మట్టి తవ్వే తల్లికన్నా, ఆమె బిడ్డతో పాటు ఇంకో ఇరవై నలుగురిని కడిగి, తినిపించి, నిద్రపుచ్చే మనిషికి తక్కువ. ఏడాదిన్నర పిల్లలు పాతిక మంది ఒక గదిలో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఊహించండి. ఒకడు ఏడిస్తే నలుగురు అందుకుంటారు. ఒకడికి జలుబు చేస్తే వారంలో అందరికీ. పక్కబట్టలు రోజూ ఉతకాలి, నీళ్లు కాచి చల్లార్చాలి, గుడ్డు పిసికి ఒక్కొక్కరికీ పెట్టాలి. ఎవరు విరేచనాలు చేసుకుంటున్నారో, ఎవరి ఒళ్లు వెచ్చగా ఉందో కనిపెట్టాలి. నూట పదిహేను రూపాయలకు ఈ పని చేసే మనిషి దొరికితే ఆమె ఎక్కువకాలం ఉండదు. ఉండకపోతే బిడ్డకు మళ్లీ కొత్త ముఖం, తల్లికి మళ్లీ భయం. క్రెష్‌లో వదలడానికి తల్లి ఒప్పుకునేది అక్కడి మనిషిని చూసి, గోడ మీది బొమ్మల్ని చూసి కాదు.

2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు వేతనాల కోసం సమ్మెకు దిగి 42 రోజులు వెనక్కి తగ్గలేదు. అప్పటికి కార్యకర్తకు ఇస్తున్నది 11,500. సమ్మె మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అంటే ఆ పని అత్యవసర సేవ. జీతం దగ్గరికి వచ్చేసరికి అదే పని గౌరవ వేతనానికి చేసే స్వచ్ఛంద సేవ. గ్రాట్యుటీ కోసం కూడా వీళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు అది వాళ్ల హక్కేనని తేల్చింది.

సరే, సరైన జీతం ఇస్తే ఎంతవుతుంది? నా అంచనా లెక్క ఒకటి వేస్తాను, తప్పులుంటే పాఠకులు దిద్దుకోవచ్చు. క్రెష్ కార్యకర్తకు నెలకు 15 వేలు, ఇద్దరు సహాయకులకు చెరో 10 వేలు, మొత్తం 35 వేలు. పాతిక మంది పిల్లలంటే ఇరవై మంది తల్లులనుకుందాం. ఒక్కొక్కరు నెలలో ఇరవై రోజులు, 307 రూపాయల కూలికే వెళ్లినా ఇరవై మంది సంపాదన లక్షా ఇరవై రెండు వేలు దాటుతుంది. తిండి ఖర్చు అంగన్‌వాడీ పద్దులో ఎలాగూ ఉంది. మిగిలేది అద్దె, సబ్బులు, మందుల పెట్టె. బడికి తిరిగి వెళ్లిన అక్కల చదువును, బరువు పెరిగిన పిల్లల ఆరోగ్యాన్ని నేను ఈ లెక్కలో వెయ్యలేదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులకు కట్టడాల ఖర్చులో ఒక శాతం సెస్సుగా వస్తుందన్న సంగతీ కలపలేదు. సిమెంటు మోసే తల్లుల పేరున వసూలైన డబ్బు అది.

వేళల చిక్కు కూడా ఇందులోనే విడుతుంది. అంగన్‌వాడీతో కలిసిన క్రెష్‌లో రెండు జట్లు ఉంటాయి. అందరూ తొమ్మిదికే వచ్చి నాలుగుకే వెళ్లాలని ఎక్కడుంది? క్రెష్ కార్యకర్త ఒక సహాయకురాలితో ఏడుకు తలుపు తీసి రెండున్నరకు వెళ్లిపోవచ్చు. అంగన్‌వాడీ వాళ్లు ఎప్పటిలాగే తొమ్మిది నుంచి నాలుగు. రెండో సహాయకురాలు పదిన్నరకు వచ్చి, ఇంకొకరి తోడుతో సాయంత్రం ఆరు దాకా ఉంటే పదకొండు గంటలు నిండుతాయి. ఎవరి మీదా ఏడున్నర గంటలకు మించి భారం పడదు. కేంద్ర ప్రభుత్వం అడుగుతున్నది రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉంచమని. అది ఎన్నింటికి మొదలవ్వాలన్నది స్థానిక తల్లుల పనిని బట్టి పెట్టుకోవచ్చు. భీమవరంలో ఒకలా, కోసిగిలో ఇంకోలా ఉండొచ్చు. మిరపకోతల మూడు నెలలూ పల్నాడు అంగన్‌వాడీలు వలస పిల్లల పేర్లు రాసుకుని ఆరింటికే తెరవొచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, అమరావతిలో ఒక జీవో, హైదరాబాద్‌లో ఒక జీవో చాలు.